మాటలు: అత్తగారు

ఆ ఇంటి కోడలికి అత్తగారి మీద పెద్ద ఫిర్యాదే ఉంది. ఆవిడ తిట్టడం మానేసింది.

ఇలాంటి ఫిర్యాదు ఎవరి దగ్గర చెప్పుకోవాలో కోడలికి తోచలేదు. పక్కింటావిడతో అంటే, "ఏం మందు పెట్టావో నాకూ కాస్త చెప్పమ్మా" అంది. పుట్టింటికి ఫోన్ చేస్తే, "నీకు సుఖం అరగడం లేదే" అని కన్నతల్లే విసుక్కుంది. మొగుడికి చెబితే హాయిగా నవ్వి, "పోనీ, నేను తిట్టనా?" అన్నాడు. ఇక లాభం లేదని ఒకరోజు కూరలో ఉప్పు కావాలనే ఎక్కువ వేసి చూసింది. అత్తగారు మారుమాట లేకుండా తిని, చెయ్యి కడుక్కుని, "బాగుందమ్మా" అంది. కాపురానికొచ్చాక ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు.

నిజానికి అత్తగారి తిట్లు ఆషామాషీ తిట్లు కావు. ఆవిడ ఏనాడూ కోడలిని ఎదురుగా ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ వారమంతా కొంగున మూటకట్టి ఉంచుకుని, ఆదివారం మధ్యాహ్నం సినిమాలో వాళ్ళ చేత అనిపించేది.

ఆదివారం భోజనాలయ్యాక ముందు గదిలో టీవీ ముందు అందరూ చేరడం ఆ ఇంటి అలవాటు. చూసేవన్నీ పాత నలుపు తెలుపు సినిమాలే. అన్నిట్లోనూ ఉంగరాల జుట్టు చిన్నపిల్ల ఒకతే. ఒకప్పుడు ఆ పిల్ల కింది పెదవి ముందుకు పెడితే చాలు, హాలు హాలంతా రుమాళ్ళు తీసేదట. అసలు పేరేదో ఉండేది కానీ, ఆ ఇంట్లో ఆమె పేరు బుంగమూతి. సినిమాలకీ సొంత పేర్లు పెట్టుకున్నారు: రైలు సినిమా, గుర్రం సినిమా, అనాథాశ్రమం సినిమా. ఇంతవరకూ ఎవరింట్లోనైనా జరిగేదే. తేడా ఎక్కడంటే, ఈ ఇంట్లో టీవీకి సౌండ్ పెట్టరు. మాటలన్నీ అత్తగారే చెబుతుంది. పిల్లకీ, తల్లికీ, దొంగకీ, పోలీసుకీ అందరికీ ఆవిడే గొంతు.

దీనికో కథ ఉంది. కొడుకు చిన్నప్పుడు ఇంట్లో టీవీకి గొంతు పడిపోయింది. బాగుచేసేవాడు వచ్చి, వెనక రేకు విప్పి, లోపలికి తొంగిచూసి, "సామాను తీసుకుని రేపొస్తా" అని వెళ్ళాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. పిల్లాడేమో బొమ్మలు కదులుతున్నా మాటలు రావడం లేదని ఒకటే ఏడుపు. అత్తగారు అప్పట్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. రోజంతా చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఊళ్ళోవాళ్ళందరి గొంతులూ వినే ఉద్యోగం. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తెర మీద ఎవరు నోరు తెరిస్తే వాళ్ళ గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి కొత్త టీవీ వచ్చింది. అందులో బుంగమూతి అసలు గొంతు ఒక్క నిమిషం విన్నాడో లేదో, పిల్లాడు మొహం చిట్లించి, "అమ్మా, రాంగ్ నంబర్" అన్నాడట. అంతే, సౌండ్ కట్టేశారు. మళ్ళీ పెట్టలేదు.

ఆ పిల్లాడు పెరిగి పెద్దవాడై లిఫ్టు మెకానిక్ అయ్యాడు. పెళ్ళయిన మొదటి ఆదివారం కొత్త కోడలు, పాపం, సౌండ్ లేదనుకుని రిమోట్ మీద చెయ్యి వేసింది. ఇంటిల్లిపాదీ కరెంటు తీగ పట్టుకున్నట్టు "అయ్యయ్యో, వద్దు!" అని అరిచారు. పేపరు చాటున కునుకు తీస్తున్న మామగారు కూడా లేచి కూర్చున్నారు. ఆయన పోయాక కూడా అలవాటు మాత్రం పోలేదు.

కొత్త కోడలి ఆ మొదటి ఆదివారం వేసింది రైలు సినిమా. అందులో తల్లి నుంచి తప్పిపోయిన బుంగమూతిని ఒంటినిండా నగలున్న పిన్ని ఒకావిడ పనికి పెట్టుకుంటుంది. నగల పిన్ని పొయ్యి మీది గిన్నె మూత తీసి వాసన చూడగానే, అత్తగారు గొంతు లావు చేసి అందుకుంది.

"ఏమే, కూరలో ఉప్పు వేశావా, ఉప్పులో కూర వేశావా? మా కోడలి దగ్గర గాని నేర్చుకున్నావా ఏం?"

వెంటనే గొంతు సన్నం చేసి బుంగమూతి జవాబు. "లేదు పిన్నీ! ఆవిడ దగ్గరైతే మాడ్చడం కూడా నేర్చుకునేదాన్నిగా!"

కొత్త కోడలు బిత్తరపోయి మొగుడి వంక చూసింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించింది గానీ, నవ్వే ముందొచ్చేసింది. ఆ నవ్వుతోనే ఆవిడ ఆ ఇంట్లో కుదురుకుంది. కొన్నాళ్ళకి అత్తగారు దయతలిచి కోడలికీ ఒక వేషం ఇచ్చింది. గుర్రం సినిమాలో గుర్రం వేషం. సకిలించడమే పని. కోడలు ఊరుకునే రకమా? అత్తగారు హీరో తల్లి గొంతుతో "ఇంటెడు చాకిరీ నేనే చేస్తున్నా" అన్నప్పుడల్లా గుర్రం చేత ఒక దీర్ఘమైన సకిలింపు వేయించేది.

"డిగ్రీ చదివిన గుర్రం మరి! సకిలింపులోనూ వెటకారమే" అనేది అత్తగారు.

అత్తగారి మాటలు వారం వారం మారిపోయేవి. కూరల ధరలు, ఆడపడుచు అలకలు, వాటావాళ్ళ తగవులు అన్నీ బుంగమూతి నోట్లోంచి వచ్చేవి. మారనిది ఒక్క చోటు. రైలు సినిమాలో రైలు కదులుతుంది. కిటికీలో బుంగమూతి, ప్లాట్‌ఫారం మీద పరుగెడుతూ తల్లి. తల్లి ముఖం సగం శాలువాలో ఉంటుంది. అక్కడికి రాగానే అత్తగారు గొంతు తగ్గించి, మెల్లగా చెప్పేది.

"తాళంచెవి పూలకుండీ కింద పెట్టాను. తిన్నగా ఇంటికెళ్ళు. పాలు మూతపెట్టి ఉన్నాయి. చీకటిపడేలోపు వచ్చేస్తాను."

పొల్లుపోకుండా ప్రతిసారీ అవే మాటలు. "రైలు వెళ్ళిపోతుంటే తాళంచెవి గొడవేమిటండీ?" అని కోడలు ఒకసారి అడిగింది. మెకానిక్ కాస్త నొచ్చుకున్నాడు కూడా. "సినిమాలో మాటే అది. ఎవరు రాశారోగానీ మహానుభావుడు" అన్నాడు. ఆయన నిజంగానే అలా నమ్మాడు. మిగతావన్నీ అమ్మ కల్పించినవని తెలుసు, ఇది మాత్రం అసలుదని ఆయన లెక్క.

అలాంటి ఇంట్లో ముందు తిట్లు ఆగిపోయాయి. నగల పిన్ని మూత తీస్తుంది, వాసన చూస్తుంది, "బాగుందమ్మా" అంటుంది. తరవాత ఒక వారం రైలు సినిమాలోకి గుర్రం సినిమా మాటలు వచ్చిపడ్డాయి. స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపుతూ, "దానికి దాణా వేశావా?" అన్నాడు. మెకానిక్ సోఫాలోంచి జారిపోయేంతగా నవ్వాడు.

"అమ్మ కావాలనే కలుపుతోంది. కొత్త పద్ధతి కనిపెట్టింది చూశావా!"

అత్తగారు కూడా నవ్వింది. కానీ నవ్వే ముందు గబగబా అందరి మొహాలూ చూసింది. ఎవరెవరు నవ్వుతున్నారో చూసుకుని, ఆ తరవాత నవ్వింది. అది కోడలు ఒక్కతే గమనించింది. ఆ రోజు నుంచి ఆవిడకి సినిమా మీద ధ్యాస పోయి, అత్తగారి మొహం మీదే నిలిచింది.

గమనించడం మొదలుపెట్టాక కనపడనిదంటూ ఏముంటుంది? ఒక సాయంత్రం కోడలు కూరల సంచితో అపార్ట్‌మెంటులోకి వస్తే, కింద లిఫ్టులో అత్తగారు ఒక్కతే నిలబడి ఉంది. తలుపులు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. ఆవిడ బటన్ల వంక చూస్తోంది గానీ ఏదీ నొక్కడం లేదు.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"ఏముంది, మా అబ్బాయి బాగుచేసిన లిఫ్టు. ఎలా పనిచేస్తోందో చూస్తున్నా" అంది, తడుముకోకుండా.

రాత్రి ఈ సంగతి చెబితే మెకానిక్ మురిసిపోయాడు. "నా పని మీద అమ్మకి ఎంత శ్రద్ధో చూడు!"

ఏ ఆఫీసు భవనంలోనైనా లిఫ్టు తలుపు మీద అరచెయ్యి ఆనించి, పైకి వెళ్ళే చప్పుడు విని, "దీని బేరింగు వచ్చే నెలకి పోతుంది" అని చెప్పగల మనిషి ఆయన. ఫోన్లో చప్పుడు వినిపించినా చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడు. అలాంటి చెవులు ఇంటి గడప లోపలికి వచ్చేసరికి ఎక్కడికి పోతాయో కోడలికి అంతుపట్టలేదు. గట్టిగా అడిగితే ఆయనకి కోపం వచ్చింది.

"ఏంటే నీ ఉద్దేశం? మా అమ్మకి మతి పోయిందంటావా?"

"మతి పోయిందనలేదండీ. డాక్టరుకి ఒకసారి చూపిద్దామన్నాను."

"వయసు మీద పడితే నువ్వూ మరిచిపోతావు. అప్పుడు నిన్నూ తీసుకెళ్తాలే."

ఆడపడుచు దగ్గర మొరపెట్టుకుందామని ఫోన్ చేసింది. "వదినా, నిన్ననే అమ్మతో మాట్లాడాను. అంతా కులాసానా, పిల్లలెలా ఉన్నారు, మీవైపు వర్షాలున్నాయా అని అన్నీ అడిగింది. నువ్వే లేనిపోనివి ఊహించుకుంటున్నావు" అందావిడ. ఫోన్ చెవికి తగిలితే చాలు, అత్తగారికి పాత ఉద్యోగం గొంతులోకి వచ్చేస్తుంది. కులాసానా, పిల్లలు, వర్షాలు అని అదే వరసలో అందరినీ అడుగుతుంది. పక్కింటావిడ ఫోన్ చేసినా వర్షాల సంగతి అడుగుతుంది, ఆవిడ కిటికీలోంచి ఎదురుగా కనపడుతూనే ఉంటుంది.

ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. "మతిమరుపు జబ్బే అయితే, దాన్ని వెనక్కి తిప్పే మందు లేదమ్మా. కాస్త నెమ్మదింపజేయచ్చు. ఎంత ముందుగా తీసుకొస్తే అంత మేలు. వాళ్ళ అబ్బాయి కూడా వస్తే మంచిది. చిన్నప్పటి నుంచీ చూసినవాళ్ళే తేడా సరిగ్గా చెప్పగలరు" అంది. ఇంటికొచ్చి అత్తగారిని బతిమాలింది.

"మా వాడు రమ్మంటే వస్తా. బాగానే ఉన్నానని వాడే అంటుంటే నువ్వెవరు నన్ను తీసుకెళ్ళడానికి?" అంది అత్తగారు తువ్వాలు మడత పెడుతూ. పెట్టిన మడత విప్పి మళ్ళీ పెట్టింది. మళ్ళీ విప్పింది.

అదీ సంగతి. ఆయన అవునంటే తప్ప ఆవిడ గడప దాటదు. ఆవిడకేమీ లేదని ఆయన నమ్మకం. మధ్యలో కోడలు రెండు చేతులూ కట్టుకుని, రోజుకొకటి చొప్పున జారిపోతున్న మాటల్ని చూస్తూ కూర్చోవాలి. డిగ్రీ దేనికీ పనికిరాలేదు. వెటకారమూ పనికిరాలేదు.

అయితే ఈ మధ్య ఆదివారాలు ఆశ్చర్యంగా బాగానే జరుగుతున్నాయి. అత్తగారు అక్కడక్కడ ఆగుతోంది గానీ, మళ్ళీ అందుకుంటోంది. కోడలికే అనుమానం వచ్చింది, తానే పొరబడిందేమోనని. మెకానిక్ కళ్ళెగరేసి, "ఇప్పుడేమంటావు?" అన్నట్టు చూశాడు.

గుట్టు పిడుగు దగ్గర తెలిసింది. పిడుగు వాళ్ళ అమ్మాయి, అయిదో తరగతి. నిద్రలో తప్ప నోరు మూతపడదు. సోఫాలో నానమ్మకి అతుక్కుని కూర్చోవడం దానికి మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒక వారం కోడలు టీ గ్లాసులు తెస్తూ వెనకనుంచి వచ్చింది. పిడుగు నానమ్మ భుజం మీద గడ్డం ఆనించి, పెదవులు కదలీ కదలకుండా ఏదో అంటోంది. ఆ మరుక్షణం అదే మాట అత్తగారి నోట, పోలీసు గొంతుతో వస్తోంది.

సాయంత్రం వంటింట్లోకి పిలిచి అడిగింది. "ఎప్పట్నుంచీ అందిస్తున్నావే?"

పిడుగు గోడ గీకుతూ నిలబడింది. "చాలా రోజులైంది."

"నీ అంతట నువ్వేనా?"

"నానమ్మే అడిగింది. మాటలు అయిపోతున్నాయే, నువ్వు కాస్త అప్పివ్వు అంది. మీ నాన్నకి మాత్రం తెలియకూడదు అంది. నాన్న నవ్వకపోతే నానమ్మకి బాగోదట."

కోడలు ఇన్నాళ్ళూ ఆవిడకి తెలియదనుకుంది. ఆవిడకి అందరికంటే ముందే తెలుసు. తెలిసి, కొడుకు కోసం దాస్తోంది. ఆ కొడుకేమో తల్లి మాట మీద గుడ్డిగా ఆనుకుని కూర్చున్నాడు. ఒకరినొకరు నవ్వించుకుంటూ ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని గోతి వైపు నడుస్తున్నట్టుంది. వాళ్ళకి దారిలో దీపం పట్టుకుంటున్నది అయిదో తరగతి పిల్ల.

"అమ్మా, నేను చేసింది తప్పా?" అంది పిడుగు.

"కాదే, నా తల్లీ" అంది కోడలు. ఆ మాట చెప్పినంత తేలిగ్గా తరవాతి పని చెయ్యలేకపోయింది.

మరుసటి ఆదివారం వంతు రైలు సినిమాది. అందరూ కూర్చునే వేళకి కోడలు గొంతు సర్దుకుంది. "పిడుగూ, ఇవాళ నువ్విటు రా. నానమ్మ పక్కన నేను కూర్చుంటాను."

పిడుగు కదల్లేదు. అమ్మ వంకా నానమ్మ వంకా చూసింది. అత్తగారు మెల్లగా తలెత్తి కోడలిని చూసింది. ఆ చూపులో పాత అత్తగారు పూర్తిగా ఉంది. కోడలు ఏం చెయ్యబోతోందో ఆవిడకి అర్థమైంది. అర్థమైనా, అంది.

"ఏంటీ, ఇవాళ గుర్రం పక్కన కూర్చుంటుందా?"

ఎన్ని నెలల తరవాత దొరికిన తిట్టు! కోడలికి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. లేచి పిడుగుని మళ్ళీ అక్కడే కూర్చోబెట్టేద్దామని సగం లేచింది కూడా. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి కూలబడింది. పిడుగుని ఇటు పక్కకి లాక్కుని, దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సినిమా మొదలైంది. మొదట్లో ఫరవాలేదు. బుంగమూతి ఏడుపు, ఊరకుక్క అరుపు వాటంతట అవే వచ్చాయి. నగల పిన్ని వంటింట్లోకొచ్చి గిన్నె మూత తీసింది.

"ఏమే..." అంది అత్తగారు.

నగల పిన్ని వాసన చూసింది.

"ఏమే..."

మెకానిక్ ముందే నవ్వు సిద్ధం చేసుకుని, ముందుకి వంగి కూర్చున్నాడు. తరవాతి ముక్క కోడలి నాలుక చివరే ఉంది. తన మీద పడ్డ జోకు ఎవరు మరిచిపోతారు? అది చెబితే చాలు, ఈ వారానికి గండం గడుస్తుంది. పళ్ళ మధ్య నాలుక నొక్కిపట్టింది. పక్కన పిడుగు చెయ్యి విడిపించుకోవడానికి పెనుగులాడుతోంది. తెర మీద నగల పిన్ని ఉత్త పెదాలు ఆడించి వెళ్ళిపోయింది. పోలీసు వచ్చి ఉత్తినే లాఠీ ఊపాడు. గదిలో ఫ్యాను చప్పుడు ఒకటే మిగిలింది.

రైలు కదిలింది. కిటికీలో బుంగమూతి. శాలువా కప్పుకున్న తల్లి పరుగెడుతోంది.

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి సినిమా చూస్తున్న మనిషిలా చూస్తోంది.

మెకానిక్ మొహాన నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. "అమ్మా! నీ సీను."

"ఏ సీను?"

"అదే... తాళంచెవి సీను."

"ఇక్కడ మాటల్లేవు" అంది అత్తగారు, పొరుగింటాయనతో మాట్లాడినంత మర్యాదగా.

మెకానిక్ గబుక్కున కోడలి వైపు తిరిగాడు. "విన్నావా? లేవేమో! మనమే ఏదో అనుకుంటున్నాం."

"ఏవండీ, ఆ మాట మీరు ఎన్నేళ్ళ నుంచి వింటున్నారండీ?"

"నువ్వు కావాలని పిల్లని ఇటు లాగి, అమ్మని కంగారుపెట్టి..."

"కంగారుపెట్టానండీ. మీరు వింటారని. రైటో తప్పో మీరే చూసుకోండి. సౌండ్ పెట్టండి."

గదిలో ఎవరో బూతు మాట అన్నట్టయింది. "సౌండా!" అంది పిడుగు, రెండు చెవులూ మూసుకుంటూ.

"పెడతా. అందులో ఏముంటే అదే" అని మెకానిక్ రిమోట్ తీసుకుని సినిమాని వెనక్కి తిప్పాడు. సౌండ్ బటన్ ఏదో ఆయనకే తెలియలేదు. వెతుక్కుని నొక్కాడు.

ముందు గరగరమని ఏదో, తరవాత బుంగమూతి గొంతు. ముక్కుతో మాట్లాడే, ఎవరికీ ఏమీ కాని, ముద్దుముద్దు గొంతు. పిడుగు వేళ్ళ సందుల్లోంచి విని, "ఈ పిల్ల బుంగమూతి కాదు" అని ఏడుపు మొదలుపెట్టింది. రైలు కూత వేసింది. చక్రాలు కదిలాయి. ఒకటే వయొలిన్. కిటికీలో పిల్ల పెదవి ముందుకొచ్చింది. తల్లి పరుగెడుతోంది. కూత, చక్రాలు, వయొలిన్. రైలు వెళ్ళిపోయింది.

మాటల్లేవు. ఒక్కటి కూడా లేదు.

అత్తగారు చెప్పిందే నిజం. పందెమైతే మెకానిక్ గెలిచినట్టే. గెలిచినవాడు రిమోట్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. మళ్ళీ కూత, చక్రాలు, వయొలిన్. తల్లి నోరు శాలువా చాటున ఉంది. అక్కడ ఏ మాట పెడితే ఆ మాట పడుతుంది.

"మరి తాళంచెవి..." అన్నాడు, తనలో తను.

ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అమ్మకి మధ్యాహ్నం డ్యూటీ పడిన రోజుల్లో బడి నుంచి ఒక్కడే వచ్చి, గుమ్మం పక్కన పూలకుండీ రెండు చేతులా పక్కకి వంచేవాడు. కింద తడిమట్టి, తాళంచెవి. లోపల మూతపెట్టిన పాలు. అన్నీ ఆ చేతులకి గుర్తే. సినిమాలో వాళ్ళకీ తమలాగే పూలకుండీ ఉందే అని చిన్నప్పుడు ధైర్యం తెచ్చుకున్నాడు గానీ, ఆ మాట రైల్లో పిల్లకి కాదు, ఒళ్ళో పిల్లాడికని ఇన్నేళ్ళూ తట్టలేదు.

వచ్చి తల్లి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. "అమ్మా, తాళంచెవి ఎక్కడ పెట్టావు?"

అత్తగారి వెన్ను నిటారుగా అయింది. ఎక్స్ఛేంజీ గొంతు, తేనెలా వచ్చింది. "ఒక్క నిమిషం. దయచేసి లైన్లో ఉండండి."

ఆ తరవాత సోఫాలో పక్కన తడిమింది. దిండు ఎత్తి చూసింది. చీర కొంగు విప్పి చూసుకుంది. గొంతులో తేనె పోయి, కంగారు వచ్చింది. "ఇక్కడే పెట్టానే... ఏదీ? పిల్లాడు బడి నుంచి వచ్చే వేళయింది. తాళం వేసుంటే బయటే నిలబడిపోతాడు. చిన్నవాడు, ఎవర్నీ అడగడు కూడా."

"వెతుకుదాం నానమ్మా" అని పిడుగు బల్ల కిందికి దూరింది. మెకానిక్ సోఫా దిండ్లు ఒక్కొక్కటీ లేపుతున్నాడు. అక్కడ ఏమీ ఉండదని తెలిసీ కోడలు కూడా సోఫా పరుపు కొస ఎత్తి పట్టుకుంది. ఇంకేం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. టీవీలో ఆ ముక్కు గొంతు పాట అందుకుంది. కోడలు వెళ్ళి సౌండ్ తీసేసింది.

"దొరుకుతుందిలెండి అత్తయ్యా" అంది.

"నీకేం, నువ్వు అలాగే అంటావు" అంది అత్తగారు, తిట్టులాగే. కానీ కోడలి వంక చూసిన ఆ చూపు, తను ఎవరితో మాట్లాడుతోందో వెతుక్కుంటోంది.

మెకానిక్ దిండు ఒళ్ళో పెట్టుకుని నేలమీదే కూలబడ్డాడు. తల్లి వంగి, ఆయన తల పక్కనే, సోఫా కోళ్ళ మధ్య చెయ్యి పెట్టి ఇంకా తడుముతోంది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు వినపడుతూనే ఉందే" అన్నాడు కోడలితో, తలెత్తకుండా. "స్టేషన్ మాస్టరు దాణా అడిగినప్పుడే వినపడింది. ఇంత చప్పుడు ఏ లిఫ్టులో వచ్చినా అప్పటికప్పుడే ఆపి, తలుపుకి బోర్డు తగిలించేవాణ్ణి. ఇక్కడ మాత్రం నవ్వుతూ కూర్చున్నా. నవ్వుతుంటే ఏమీ కాలేదన్నట్టుండేది."

ఒళ్ళో దిండు పక్కన పెట్టాడు.

"రేపే తీసుకెళ్దాం. నువ్వు చెబుతూనే ఉన్నావు. నాదే తప్పు."